జులైలో రాసిన పరీక్ష

ఆ ఏడాది మా బావను అనుమానించనివాళ్లు ఈ ఊళ్లో లేరు. పదేళ్లుగా అమెరికా ఫుట్‌బాల్ ఆడుతూ, విసిరిన బంతిని పరిగెత్తి అందుకునే రిసీవర్లలో మూడోవాడిగానో నాలుగోవాడిగానో మిగిలిపోయిన మనిషి, ముప్పై మూడేళ్లు నిండాక, గాల్లోకి లేచిన ప్రతి బంతినీ చేతుల్లోకి తెచ్చుకుంటుంటే ఎవరికైనా అనుమానం రాక మానదు. రేడియోలో మాట్లాడేవాళ్లకి బలం పెంచే మందుల అనుమానం. పక్కింటి హోల్వర్సన్ ముసలమ్మకి అదృష్టం మీద అనుమానం, ఇది క్రిస్మస్ దాకా నిలుస్తుందా అని. మా అక్క లట్రీస్ అనుమానం వేరు. అది ఆటలు మొదలుకాక ముందే, జులైలో మా వంటింట్లో పుట్టింది.

అప్పటికి ఏడాదిగా నేను వాళ్లింట్లోనే ఉంటున్నాను. మిసిసిపీలో మా ఊళ్లో బడి చదువు అయిపోయాక జెల్లచేపల చెరువుల దగ్గర పని తప్ప ఇంకేమీ దొరకదు. అక్క పళ్ల డాక్టరు దగ్గర పనిచేస్తుంది. వాళ్ల కూతురు, ఆరేళ్ల సిమోన్‌ని చూసుకోడానికి మనిషి కావాలంటే ఈ చలి ఊరికి వచ్చాను. నేను పెద్దగా మాట్లాడను. మాట్లాడనివాళ్ల ముందు జనం అన్నీ మాట్లాడేస్తారు.

ప్రతి జులైలో, శిక్షణ మొదలయ్యే ముందు, ఆటగాళ్లకి జ్ఞాపకశక్తి పరీక్ష ఒకటి పెడతారు. తెర మీద కొన్ని మాటలూ బొమ్మలూ చూపించి, కాసేపాగి అవేమిటో అడుగుతారు. ఆ మార్కులు భద్రంగా ఉంచుకుంటారు. తర్వాత ఎప్పుడైనా తలకి దెబ్బ తగిలితే మళ్లీ అడిగి, జులై మార్కులతో పోల్చి చూస్తారు. తగ్గితే ఆడనివ్వరు. అందుకని పాత ఆటగాళ్లు ఒక కిటుకు కనిపెట్టారు. జులైలోనే కావాలని తప్పులు రాస్తారు. గుర్తున్నవి కూడా గుర్తులేనట్టు వదిలేస్తారు. అప్పుడు తల దిమ్మెక్కినా ఆ కాసిని మార్కులు అందుకోవచ్చు, మళ్లీ మైదానంలోకి పోవచ్చు. బావ ఈ సంగతి భోజనాల దగ్గర ఎన్నోసార్లు నవ్వుతూ చెప్పాడు. అందరం నవ్వేవాళ్లం.

ఆ జులైలో మాత్రం అక్క నవ్వలేదు. ఇంకో ఏడాది ఆడతానని బావ చెప్పినప్పుడు ఆమె ఆకుకూర కడుగుతోంది. కుళాయి కట్టేసి, చేతులు తుడుచుకోకుండానే వెనక్కి తిరిగింది.

“ఆడు. కానీ ఈసారి ఆ పరీక్ష నిజంగా రాయి.”

“నిజంగా రాస్తే మార్కులు పెరిగిపోతాయి లట్రీస్. ఇన్నాళ్లూ ఏం చేశావురా అని అడుగుతారు.”

“అడగనీ. నీ తల ఎలా ఉందో వాళ్లకి తెలియకపోయినా ఫరవాలేదు. నాకు తెలియాలి రోడెల్.”

బావ చేతులెత్తేశాడు. తనను పెంచిన అమ్మమ్మ మీద ఒట్టేశాడు. పరీక్ష రాసి వచ్చిన సాయంత్రం అక్క గుమ్మంలోనే అడిగింది, రాశావా అని. రాశానన్నాడు. నిజంగానా అంది. నిజంగానే అన్నాడు. మొక్కజొన్న రొట్టె విరుచుకుని తింటూ సిమోన్ జడల గురించి ఏదో హాస్యమాడాడు. మార్కులెన్నో అక్క అడగలేదు. ఒట్టు వేసిన మనిషిని మళ్లీ అడగడం బాగుండదనుకుంది.

సెప్టెంబరులో ఆటలు మొదలయ్యాయి. బంతి విసిరే కుర్రాడు ఆ ఏడే కొత్తగా వచ్చాడు. పేరు ట్రూట్, గడ్డం కూడా సరిగా రాలేదు. వాడికి భయం ఎక్కువ. ఎదుటివాళ్లు మీదికొస్తుంటే కంగారుపడి బంతిని ఖాళీ చోటుకి విసిరేసేవాడు. ఆ ఖాళీ చోటులో బావ ఉండేవాడు. ఎలా ఉండేవాడో ఎవరికీ అర్థం కాలేదు. పరుగులో కుర్రాళ్లు అతన్ని ఎప్పుడో దాటిపోయారు. కానీ వాళ్లు, కోచ్ చెప్పిన గీత మీద చెప్పినట్టు పరిగెత్తేవారు. బావ సగం దూరం పోయి, ఏదో మరిచిపోయినవాడిలా ఆగి, పక్కకి తిరిగేవాడు. బంతి వచ్చి చేతుల్లో పడేది.

రేడియోలో ఒకతను, ముప్పై మూడేళ్లకి మనందరికీ మోకాళ్లు అరుగుతాయి, ఇతనికి రెక్కలు మొలిచాయి, ఆ రెక్కలు ఏ సీసాలోంచి వచ్చాయో చూడాలి అన్నాడు. వాళ్లు చూశారు కూడా. ఒక పొద్దున్నే, మేమింకా పొయ్యి మీద మొక్కజొన్న నూక ఉడికిస్తుండగానే, మందుల పరీక్షలవాళ్ల మనిషి సంచీ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. మూత్రం అతని కళ్ల ముందే పట్టి ఇవ్వాలి. బావకి రాలేదు. ఆ మనిషి వంటింట్లో టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. సిమోన్ గ్లాసు మీద గ్లాసు నీళ్లు తెచ్చిపోసింది. బావ తాగి తాగి, ఇక చాలమ్మా, జేబుల్లోంచి కూడా కారేట్టుంది అన్నాడు. ఆ మనిషి కూడా నవ్వాడు. అక్క నవ్వలేదు, ఆయనకి కాఫీ పోసింది.

ఆ పరీక్షలో ఏ తప్పూ లేదని తేలింది. రేడియోవాళ్లు ఇంకా పెద్ద అనుమానాల్లో పడ్డారు.

అక్టోబరులో ఒక సోమవారం సాయంత్రం బూకర్ భోజనానికి వచ్చాడు. బావకి జట్టులో పాత స్నేహితుడు, ముందు వరసలో నిలబడి అడ్డుకునే భారీ మనిషి. కుర్చీలో కూర్చునే ముందు కుర్చీని ఊపి చూసుకుంటాడు. వేయించిన చేప రెండోసారి వడ్డించుకుంటూ బావను పొగడడం మొదలుపెట్టాడు. పట్టిన బంతుల గురించి అయింది, ట్రూట్ గురించి అయింది. తర్వాత అక్క వైపు తిరిగాడు.

“ఆటకేం గానీ చెల్లెమ్మా, మీ ఆయనలో అసలు విద్య వేరే ఉంది. జులై పరీక్షలో మా అందరికీ మార్కులు ఓ ఏడాది ఎక్కువా ఓ ఏడాది తక్కువా వస్తాయి. కావాలని తప్పులు రాసేటప్పుడు లెక్క కుదరొద్దూ? ఈ ముసలోడికి మాత్రం పోయినేడు ఎన్నో ఈ ఏడూ అన్నే. ఆ పరీక్ష పెట్టే ట్రైనరే చెప్పి పడీపడీ నవ్వాడు. అబద్ధాన్ని అంత పద్ధతిగా ఆడేవాణ్ణి నేనెక్కడా చూడలేదు.”

బావ కూడా నవ్వాడు. అక్క లేచి వెళ్లి బూకర్‌కి ఇంకో రొట్టె ముక్క తెచ్చిపెట్టింది. ఆమె చెయ్యి కదిలిన తీరు చూసి, ఈ ఇంట్లో ఇక కొన్నాళ్లు మాటలుండవని నాకు అర్థమైంది.

అలాగే జరిగింది. ఊరంతా బావ పేరున్న చొక్కాలు తొడుక్కుని తిరుగుతుంటే, ఇంట్లో అక్క అతనితో ఉప్పు ఎక్కడుందో చెప్పడానికి తప్ప నోరు విప్పేది కాదు. అమ్మమ్మ మీద ఒట్టేసి అబద్ధమాడినవాడు ఇంకెన్ని ఆడడు అని నాతో అంది. ఎక్కడికి వెళ్లినా తిరిగొచ్చే వేళ గమనించేది. అతను స్నానానికి వెళ్లినప్పుడు కోటు వాసన చూసేది.

నేనూ గమనించాను. సాయంత్రం కారు వచ్చి ఇంటి ముందు ఆగేది. బావ దిగేవాడు కాదు. ఇంజన్ నడుస్తూనే ఉండేది. మగవాడు కారులోనే కూర్చుండిపోతే ఎవరితోనో మాట్లాడుతున్నాడని మా ఊళ్లో అనుకుంటారు. నేను పైగదిలో కిటికీ తెర పక్కకి తీసి చూసేదాన్ని. చేతిలో ఫోన్ లేదు. రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉన్నాయి. మా వీధిలో ఇళ్లన్నీ ఒకేలా ఉంటాయి, ఒకే రంగు తలుపులు. బావ వాటిని వరసగా చూస్తూ కూర్చునేవాడు. సిమోన్ గుమ్మంలోకి పరిగెత్తుకొస్తే అప్పుడు దిగేవాడు.

ఇంకా కొన్ని ఉన్నాయి. ఒకే సాయంత్రం ఒకే కథ రెండుసార్లు చెప్పాడు, ఆగిన చోటే ఆగి, నవ్విన చోటే నవ్వి. అక్క అతని వైపు చూడడమే మానేసింది కాబట్టి ఆమె దాన్ని ఎగతాళి అనుకుంది. నన్ను ఒకసారి మా అమ్మ పేరుతో పిలిచాడు. అది ఎవరైనా చేస్తారు. కానీ భోజనాల బల్ల మీద ఉప్పు డబ్బా ట్రూట్ అనీ, మిరియాల డబ్బా తననీ, సిమోన్ రంగు పెన్సిళ్లన్నీ ఎదుటివాళ్లనీ పెట్టి, రాబోయే ఆదివారం ఏ పెన్సిల్ ఎటు కదులుతుందో తడుముకోకుండా చెప్పేవాడు. అది చూసినప్పుడల్లా నా అనుమానం నాకే పాపంలా అనిపించేది.

నవంబరు చివర్లో, ఇంకొక్క ఆట గెలిస్తే జట్టు ముందుకి వెళుతుందని ఊరు ఊగిపోతున్నప్పుడు, బావ పొయ్యి మీద నూనె పెట్టి మరిచిపోయాడు. పెద్దగా ఏమీ కాలేదు, గోడ నల్లబడింది. అక్క పొయ్యి ఆర్పి, కిటికీలు తెరిచి, ఆ పొగలోనే నిలబడి అతన్ని చాలాసేపు చూసింది. రెండు నెలల తర్వాత సరిగ్గా చూడడం అదే. ఆ చూపులో కోపం తగ్గుతూ ఇంకోటేదో పైకి రావడం నేను చూశాను. ఆమె దాన్ని రానివ్వదలుచుకోలేదు.

“జులైలో అబద్ధం ఆడావు కదూ?” అంది.

బావ గోడ తుడుస్తున్నాడు. తుడుస్తూనే ఉన్నాడు.

“ఆడానని చెప్పు రోడెల్. నేనేమీ అనను. అమ్మమ్మ మీద ఒట్టేసినా సరే, ఏమీ అనను. పరీక్ష తప్పు రాశానని ఒక్కసారి చెప్పు, చాలు.”

బావ గుడ్డ కింద పెట్టాడు. జవాబు చెప్పడానికి చాలాసేపు తీసుకున్నాడు. తప్పు ఒప్పుకునేవాడు తీసుకునే సమయంలా లేదది.

“ఆడాను. అలవాటు చొప్పున అదే రాసేశాను.”

అక్క ముందు అదే గుడ్డ తీసి అతన్ని కొట్టింది. దొంగ, దగుల్బాజీ అంది. తర్వాత ఆ మసి గోడకే ఆనుకుని, చొక్కా పాడవుతుందని కూడా చూడకుండా, నవ్వుతూ ఏడ్చింది. ఆ పూట ఇంట్లో మళ్లీ మాటలు వచ్చాయి. మొగుడు అబద్ధాలకోరని తేలినందుకు అంత సంతోషపడ్డ ఆడదాన్ని నేనింకెక్కడా చూడలేదు.

మంగళవారం ఆటగాళ్లకి సెలవు. బావ నన్ను సరుకులకి తీసుకెళ్లాడు. అతను ఏడేళ్లుగా వెళ్తున్న బజారే. కూడలి దగ్గర ఎర్ర దీపం పోయి పచ్చ దీపం వచ్చింది. కారు కదల్లేదు. వెనకవాళ్లు హారన్ కొట్టారు. బావ మెల్లగా పక్కకి తీసి ఆపాడు.

“నువ్వు నడుపు పిల్లా.”

నేను దిగలేదు. అడగాల్సింది అప్పుడే అడగాలనిపించింది.

“బావా, జులైలో నిజంగానే రాశావు కదా?”

అద్దం మీద మంచు సన్నగా పడుతోంది. దాన్ని తుడిచే కర్ర ఒకసారి అటు, ఒకసారి ఇటు పోయింది.

“నిజంగానే రాశాను. ఎంత గట్టిగా రాశానో నీకు తెలియదు. వెనకటేళ్లలో అన్ని మాటలూ కళ్ల ముందు కనిపిస్తూ ఉండేవి, సగం నేనే వదిలేసేవాణ్ణి. ఈసారి వదలడానికి ఏమీ లేదు. ఉన్న సగమే ఉంది. ట్రైనర్ మార్కులు చూసి నవ్వాడు. నేనూ నవ్వాను. వాళ్లకి ఏ అనుమానం రాదు. ఆ మార్కుల గీత అంత కిందికి గీసింది నేనే,” అన్నాడు.

కారులో ఎందుకు కూర్చుంటావని అడిగాను. మనిల్లు ఏదో తేల్చుకోవడానికి అన్నాడు. కొన్ని రోజులు తెలుస్తుంది, కొన్ని రోజులు సిమోన్ బయటికి వచ్చేదాకా తెలియదు. మైదానంలో మాత్రం ఎప్పుడూ అలా లేదట. అక్కడ ఆలోచించాల్సిన పని లేదు, కాళ్లకే తెలుసు. కుర్రాళ్లు చెప్పింది గుర్తుపెట్టుకుని పరిగెడతారు, తనకి గుర్తుండదు కాబట్టి కళ్లు తెరిచి ఖాళీ ఎక్కడుందో చూసి పోతాడు. అందరూ దాన్నే అనుభవం అంటున్నారు.

అక్కకి చెప్పమన్నాను. చెప్తానన్నాడు, ఆదివారం అయ్యాక. ఆదివారం ఇంకో దెబ్బ తగిలితే అన్నాను.

“పదేళ్లు ఇలాంటి ఏడాది కోసం మైదానం పక్క బల్ల మీద కూర్చున్నాను పిల్లా. ఇంకొక్క ఆదివారం.”

నేను సరే అనలేదు. దిగి అటు వైపుకి వెళ్లి స్టీరింగ్ ముందు కూర్చున్నాను. బజారుకి దారి నేను చూపించాను.

ఆ వారమంతా ఎదురుచూశాను. అక్క పాటలు పాడుకుంటూ గోడకి రంగు వేసింది. బావ ఆమెకి నిచ్చెన పట్టుకున్నాడు. ఏమీ చెప్పలేదు. శనివారం జట్టుతో పాటు హోటల్‌కి వెళ్లిపోతూ నన్ను చూసి కన్ను గీటాడు, మా ఇద్దరికీ తెలిసిన చిన్న అల్లరేదో ఉన్నట్టు.

ఆదివారం మంచు పడుతూనే ఉంది. ఆటగాళ్ల ఇళ్లవాళ్లు కూర్చునే వరసలు మైదానానికి దగ్గర్లోనే ఉంటాయి. సిమోన్ మా మధ్య కంబళిలో ముడుచుకుంది. అక్క తన ఎర్ర ఉన్ని టోపీ చెవుల మీదికి లాక్కుని నా చెవిలో చెప్పింది, రేపు సంతకం పెడుతున్నాడట, ఇంకో రెండేళ్లు ఆడడానికి, ఇంకెవరికీ చెప్పొద్దన్నాడు అని. ఆమె ముఖం వెలిగిపోతోంది. అప్పుడు నాకు తెలిసింది, ఆదివారం అయ్యాక కూడా అతను చెప్పడని.

ఆట మధ్యలో బావ బంతి కోసం పైకి ఎగిరాడు. అటునుంచి ఒకడు వచ్చి గుద్దాడు. బంతి చేతుల్లోనే ఉంది. నేల మీద పడ్డాక తల ఒకసారి ఎగిరి మళ్లీ నేలకి తగిలింది. లేవడానికి కొంచెం సమయం పట్టింది. ట్రైనర్ భుజం పట్టుకుని గీత బయట, దెబ్బ తగిలినవాళ్లకి పరీక్ష పెట్టే చిన్న నీలం గుడారంలోకి తీసుకెళ్లాడు. అక్క నా చెయ్యి పట్టుకుంది. మైదానమంతా చప్పుడు ఆగిపోయింది.

గుడ్డ పక్కకి తొలగింది. బావ హెల్మెట్ పెట్టుకుంటూ బయటికి వచ్చాడు. జనం హోరెత్తిపోయారు. అక్క ఊపిరి వదిలి నవ్వింది.

“చూశావా? పాసయ్యాడు. ఆ జులై దొంగతనమే వాణ్ణి గట్టెక్కించింది.”

“బావ అబద్ధం ఆడలేదక్కా,” అన్నాను.

ఆ హోరులో వినపడిందో లేదో తెలియలేదు. ఇంకా నవ్వుతూనే నా వైపు తిరిగింది.

“జులైలో నిజంగానే రాశాడు. మొన్న మంగళవారం నాతో చెప్పాడు. అవే తన అసలు మార్కులు.”

నవ్వు వెంటనే పోలేదు. పొయ్యి ఆర్పేశాక వేడి ఉన్నట్టు కాసేపు ముఖం మీదే ఉంది. తర్వాత ఆమె మైదానం వైపు, గుడారం వైపు, బావ వైపు చూసింది. ఆమెకి అంతా ముందే తెలుసునని, ఎవరో ఒకరు పైకి అనడమే మిగిలిందని నాకనిపించింది.

సిమోన్‌ని నా ఒళ్లోకి జరిపి లేచింది. జనం అందరూ నిలబడి ఉన్నారు. వాళ్లని తప్పించుకుంటూ, మన్నించండి, మన్నించండి అంటూ మెట్లు దిగింది. కింద ఇనుప కమ్మీ దగ్గర ఆగింది. అరవలేదు. ట్రైనర్ ఇటు తిరిగేదాకా వేచి ఉండి, చెయ్యి ఊపి పిలిచింది. అతను వచ్చాడు. ఆమె కమ్మీ మీంచి వంగి మాట్లాడింది. అతను మొదట నవ్వి తల అడ్డంగా ఊపాడు. ఆమె మాట్లాడుతూనే ఉంది. అతను నవ్వడం ఆపాడు.

బావ అప్పటికి మళ్లీ లోపలికి పోవడానికి గీత దగ్గర నిలబడ్డాడు. ట్రైనర్ నడుచుకుంటూ వెళ్లి అతని హెల్మెట్ మీద చెయ్యి వేశాడు. ఇక ఆడకూడని వాడి దగ్గర్నుంచి హెల్మెట్ తీసేసుకోవడం ఇక్కడి పద్ధతి, లేకపోతే మళ్లీ లోపలికి దూరిపోతారు. బావ ఇవ్వలేదు. ఏదో అన్నాడు. వేలితో స్కోరుబోర్డు చూపించాడు. తర్వాత కమ్మీ దగ్గర నిలబడ్డ అక్క కనిపించింది. పైకి నా వైపు కూడా చూశాడు. నేను తల దించుకోలేదు.

హెల్మెట్ ట్రైనర్ చంకలోకి వెళ్లిపోయింది. ట్రూట్ బంతి విసిరాడు. బావ ఉండాల్సిన ఖాళీలో ఎవరూ లేరు, బంతి మంచులో పడి దొర్లింది. నా వెనక ఎవరో, ముసలోడు ఏడి, వాణ్ణెందుకు తీసేశారు అని తిట్టారు. బావ గీత బయట వట్టి తలతో నిలబడి ఉన్నాడు. మంచు జుట్టు మీద పడుతోంది, దులుపుకోవడం లేదు.

అక్క తన ఎర్ర టోపీ తీసి కమ్మీ మీంచి చెయ్యి చాచింది. చాలాసేపు అలాగే చాచి ఉంచింది. బావ వచ్చి తీసుకున్నాడు. అదేమిటో తెలియనట్టు రెండు చేతులతో తిప్పి చూశాడు. తర్వాత పెట్టుకున్నాడు.